ఇల్లు కొనడానికి ఏజెంట్ కావాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కొనాలనుకుంటున్నామని నోరు తెరిచి చెబితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఏజెంట్ లేకుండా దిగితే మునిగిపోతారని ఒకరు, వాళ్లకిచ్చే కమీషన్ శుద్ధ దండగ అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎక్కువమంది అడిగే ప్రశ్నలకి సూటిగా జవాబులు ఇవి.

ఇళ్లన్నీ ఫోన్‌లోనే కనిపిస్తున్నాయి కదా, ఇంకా ఏజెంట్ ఎందుకు?

ఇళ్లు వెతికిపెట్టడానికే అయితే పెద్దగా అవసరం లేదు, ఒప్పుకోవాల్సిందే. ఒకప్పుడు ఏ ఇల్లు అమ్మకానికి ఉందో తెలియడమే గొప్ప, ఆ సమాచారం ఏజెంట్ల డైరీల్లో ఉండేది. ఇప్పుడు అది అందరి చేతుల్లో ఉంది. కానీ ఫోన్‌లో మీకు కనిపించేది అమ్మేవాళ్లు చూపించదలుచుకున్నది మాత్రమే. గది ఫొటోని వెడల్పు లెన్సుతో తీస్తే మంచం పట్టని గది కూడా హాల్లా కనిపిస్తుంది. పక్క స్థలంలో పగలంతా నడిచే కోత మిషన్ మోత ఏ ఫొటోలోనూ వినిపించదు. ఆ ఇల్లు నెలల తరబడి అమ్ముడుపోక, పాత ప్రకటన తీసేసి కొత్తగా పెట్టారన్న సంగతి మీకు తెలియదు. ఒకసారి అడ్వాన్స్ దాకా వెళ్లి బేరం చెడిపోయిందనుకోండి, ఎందుకు చెడిందన్నది అన్నిటికంటే విలువైన సమాచారం, అది ఆ ఏరియాలో తిరిగే ఏజెంట్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మరి ఏజెంట్ అసలు పని ఎక్కడ మొదలవుతుంది?

మీకు ఇల్లు నచ్చాక. అప్పటిదాకా అందరూ తెలివిగానే ఉంటారు, నచ్చాకే మనసులో సోఫా ఎక్కడ వేయాలో కూడా నిర్ణయించేసుకుని లోపాలు చూడడం మానేస్తారు. ఆ సమయంలో ఇంటి మీద మోజు లేని మనిషి ఒకరు పక్కన ఉండడం చాలా పెద్ద లాభం. ఎంతకి అడగాలి, అడ్వాన్స్ ఎంత దాటకూడదు, లోన్ రాకపోతే ఆ డబ్బు వెనక్కి వస్తుందా, ఇల్లు ఏ తేదీకి ఖాళీ చేస్తారు, బకాయిలు ఎవరు కడతారు, గీజర్లూ ఫ్యాన్లూ బీరువాలూ ఉంచుతారా పట్టుకుపోతారా, వీటిలో ఒక్కటి తేల్చుకోకుండా సంతకం పెట్టినా తర్వాత తలనొప్పే. ఇలాంటివి పదుల సార్లు చూసినవాళ్లకి ఏది ముందు అడగాలో ఏది చివరికి ఉంచాలో తెలుస్తుంది. మనం జీవితంలో ఒకటో రెండో ఇళ్లు కొంటాం, అంతే.

ధర సరైనదో కాదో ఏజెంట్‌కి మాత్రం ఎలా తెలుస్తుంది?

మంచి ప్రశ్న, ఎందుకంటే ఏజెంట్ కూడా మనిషే. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని టూసాన్‌లో ఒక ప్రయోగం చేశారు. ఒకే ఇంటిని విద్యార్థులకీ, అనుభవమున్న ఏజెంట్లకీ చూపించి, ఒకే రకం వివరాలున్న కాగితాలు ఇచ్చి, అమ్మేవాళ్లు చెబుతున్న ధర మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా రాసి ఇచ్చారు. ఎక్కువ ధర చూసినవాళ్లు ఇంటికి ఎక్కువ విలువ కట్టారు, తక్కువ చూసినవాళ్లు తక్కువ కట్టారు. ఏజెంట్లూ ఇందుకు మినహాయింపు కాదు. తమాషా ఏమిటంటే, ఆ చెప్పిన ధర ప్రభావం తమ మీద ఉందని ఒప్పుకున్నది విద్యార్థులే ఎక్కువ, ఏజెంట్లు చాలావరకు అలాంటిదేమీ లేదన్నారు.

కాబట్టి "నా అనుభవం మీద చెబుతున్నా, ఇది మంచి రేటు" అన్న మాట దగ్గర ఆగిపోకండి. అదే వీధిలో, దాదాపు అదే విస్తీర్ణంలో, ఈమధ్య నిజంగా అమ్ముడైన ఇళ్ల ధరలు చూపించమనండి. ప్రకటనల్లో ఉన్న ధరలు చూపిస్తే లెక్కలోకి తీసుకోవద్దు, అవి అమ్మేవాళ్ల ఆశలు. ఆ అమ్మకాలకీ ఈ ఇంటికీ తేడాలేమిటో, అంటే అంతస్తు, ఇంటి వయసు, పార్కింగ్, వెలుతురు, ఒక్కోదానికి ఎంత కలుపుతున్నారో ఎంత తీసేస్తున్నారో కూర్చుని చెప్పగలిగే ఏజెంట్ దొరికితే కమీషన్‌లో సగం అక్కడే గిట్టుబాటైనట్టు.

బేరం నేనే ఆడుకోగలను, దానికి మనిషెందుకు?

ఆడుకోగలరు. చిక్కేమిటంటే బేరం మొదలైందని తెలియకముందే చాలామంది ఓడిపోతారు. ఇల్లు చూస్తూ హాల్లో నిలబడి, ఇంటాయన మంచివాడిలా కనిపించేసరికి, "మేం నెలాఖరుకల్లా అద్దె ఇల్లు ఖాళీ చేయాలండీ, మా పాపకి ఈ బాల్కనీ భలే నచ్చింది" అనేస్తారు. అంతే, మీకు గడువుందని, మీరు ఇల్లు వదలలేరని రెండూ ఆయనకి తెలిసిపోయాయి. ఆ తర్వాత ఎంత గట్టిగా మాట్లాడినా లాభం లేదు.

ఏజెంట్ మధ్యలో ఉంటే మాట ఇలా వెళ్తుంది: "వాళ్లు ఇంకో ఇల్లు కూడా చూశారండీ. మీదైతే బాగానే ఉందంటున్నారు గానీ కిచెన్ పైపులన్నీ మార్చాలి కదా. లోన్ మంజూరైన లెటర్ చేతిలో ఉంది, ఈ రేటుకైతే ఈ వారంలోనే అగ్రిమెంట్ రాసుకుందామంటున్నారు." ఇందులో అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు, నిజంగా ఇంకో ఇల్లు చూసి ఉంటే చాలు. పైగా అమ్మేవాళ్లకి కోపమొస్తే ఏజెంట్ మీద వస్తుంది, మీ మీద కాదు. రేపు తాళాలు తీసుకోవాల్సింది ఇంటాయన దగ్గరే కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు.

ధర తగ్గించనని భీష్మించుకున్నవాళ్లతో కూడా బేరం అయిపోదు. తేదీలు, మరమ్మతులు, ఇంట్లో వదిలేసి వెళ్లే సామాను, చెల్లింపు వాయిదాలు, వీటి మీద మంచి ఏజెంట్ రాబట్టేది ఒక్కోసారి ధరలో తగ్గింపు కంటే ఎక్కువే ఉంటుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏజెంట్ ఏం చేయాలి? తాళం తీసి పక్కన నిలబడితే చాలా?

తాళం తీసి "చూడండి సార్, ఎంత గాలో" అని ఫోన్ చూసుకునేవాళ్లయితే మీకు అక్కర్లేదు. పని తెలిసినవాళ్లని గమనించండి, హాలు వైపు చూడనే చూడరు. నేరుగా బాత్రూమ్‌కి ఆనుకున్న పడకగది గోడ దగ్గరికెళ్లి కింద మూల తడుముతారు, పెయింట్ ఉబ్బిందా, పొడి రాలుతోందా అని. ఇల్లంతా పాత రంగులో ఉండి ఒక్క గోడకే కొత్త రంగు పడితే ఎందుకని అడుగుతారు. రెండు కుళాయిలు ఒకేసారి విప్పి, ఫ్లష్ కొట్టి, నీటి ధార సన్నబడుతోందేమో చూస్తారు. తలుపులు వేసి తీస్తారు, నేలకి రాసుకుంటున్నాయా అని. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్లు కనిపిస్తే ఫొటో తీసి, "ఇది ప్లాస్టరింగ్‌దే కావచ్చు, కానీ ఇంజినీర్‌కి చూపిద్దాం" అంటారు. ఆ చివరి మాట అన్న ఏజెంట్‌ని వదులుకోకండి. వాళ్లు ఇంజినీర్లు కారు, కాకూడదు కూడా. ఇంటి గట్టిదనాన్ని తేల్చడానికి డబ్బిచ్చి వేరే మనిషిని పెట్టుకోవాల్సిందే, ఆ మనిషిని మీరే ఎంచుకుంటే ఇంకా మంచిది.

ఏజెంట్ నా వైపా, అమ్మేవాళ్ల వైపా?

మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది చివర్లో అడుగుతారు, కొందరైతే అసలు అడగరు.

దేశాన్ని బట్టి పద్ధతి మారుతుంది. ఇంగ్లాండ్‌లో, ఆస్ట్రేలియాలో ఇళ్లు చూపించే ఏజెంట్ సాధారణంగా అమ్మేవాళ్ల మనిషి, కొనేవాళ్లు తమ కోసం విడిగా ఏజెంట్‌ని పెట్టుకోవచ్చు, దానికి ఫీజు వేరు. అమెరికాలో కొనేవాళ్లకి ఒకరు, అమ్మేవాళ్లకి ఒకరు ఉండడం మామూలే. మన దగ్గర ఒకే ఏజెంట్ రెండు వైపులా తిరుగుతూ ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఒకే లాయరు వాదికీ ప్రతివాదికీ వకాల్తా పుచ్చుకున్నట్టన్నమాట. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2018 జూన్‌లో, కొద్దిపాటి మినహాయింపులతో, ఇలా ఒకే ఏజెంట్ ఇద్దరి తరఫునా ఉండడాన్ని నిషేధించింది. అంటే ఇది మనకి మాత్రమే వచ్చే అనుమానం కాదు.

మీ తరఫునే ఉన్న ఏజెంట్ విషయంలో కూడా ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఇంటి ధర 100 అనుకోండి, కమీషన్ 2 శాతం. ఏజెంట్ కష్టపడి ధరని 95కి దింపితే మీకు 5 మిగిలింది, ఏజెంట్‌కి రావాల్సిన 2 కాస్తా 1.9 అయింది. అంటే మీకోసం బాగా పనిచేసినందుకు సొంత జేబుకి చిల్లు! తేడా చిన్నదే, దాని కోసం ఎవరూ మిమ్మల్ని మోసం చేయరు, కానీ ఆ చివరి మెట్టు దించడానికి ఇంకో వారం తిరిగే ఓపిక మాత్రం తగ్గుతుంది. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు షికాగో ప్రాంతంలో అమ్మకాలు పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటిదే అమ్మే వైపు నుంచి బయటపడింది. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు తమ క్లయింట్ల ఇళ్లకంటే 9 రోజులకి పైగా ఎక్కువ ఆగి, దాదాపు 3.7 శాతం ఎక్కువ ధరకి అమ్ముకున్నారు.

దీనికి విరుగుడు లేకపోలేదు. కమీషన్‌ని శాతంలో కాకుండా ఒకే మొత్తంగా మాట్లాడుకోవచ్చు. లేదా ఫలానా ధర కంటే ఎంత తగ్గిస్తే అందులో ఇంత వాటా అని పెట్టుకోవచ్చు. ఒప్పుకునేవాళ్లు తక్కువే, అడిగితే పోయేదేం లేదు.

కమీషన్ ఎవరివ్వాలి? ఎప్పుడివ్వాలి?

ఎవరివ్వాలన్నది ఊరి వాడుకని బట్టి ఉంటుంది. అమ్మేవాళ్లు ఇస్తున్నారు కాబట్టి మనకి ఫ్రీ అనుకోవద్దు, ఆ ఖర్చు ఎంతో కొంత ఇంటి ధరలోనే కలిసి ఉంటుంది. అమెరికాలో చాలాకాలం అమ్మేవాళ్లే ఇద్దరు ఏజెంట్లకీ ఇచ్చేవాళ్లు. దాని మీద కోర్టు కేసులు నడిచి, అక్కడి ఏజెంట్ల జాతీయ సంఘం 2024 మార్చిలో రాజీకి వచ్చాక, 2024 ఆగస్టు 17 నుంచి కొత్త నియమం పెట్టారు: ఆ సంఘం లిస్టింగులు, అంటే అమ్మకానికున్న ఇళ్ల జాబితాలు, వాడే ఏజెంట్ కొనేవాళ్లకి ఇల్లు చూపించేముందే, తన ఫీజు ఎంతో స్పష్టంగా రాసిన ఒప్పందం మీద సంతకాలు కావాలి. చట్టం అడిగినా అడగకపోయినా ఈ పద్ధతి ఎవరైనా పాటించవచ్చు. ఎంత, ఎప్పుడు, బేరం మధ్యలో ఆగిపోతే సంగతేంటి, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. వాట్సాప్ మెసేజ్ అయినా ఏమీ లేకపోవడం కంటే నయం.

ఎప్పుడంటే, ఎక్కువ భాగం రిజిస్ట్రేషన్ రోజున. అడ్వాన్స్ ఇచ్చిన రోజే మొత్తం కమీషన్ ఇచ్చేస్తే తర్వాత ఏజెంట్‌కి పరిగెత్తాల్సిన అవసరం కనిపించదు.

ఏజెంట్ ఉన్నప్పుడు లాయర్ ఎందుకు, రెండు ఖర్చులా?

రెండూ వేరు వేరు పనులు. కాగితాలు తెప్పించడం ఏజెంట్ పని, చదివి తేల్చడం లాయర్ పని. మంచి ఏజెంట్ వల్ల లాభం ఏమిటంటే, అమ్మేవాళ్ల వెంటపడి లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), పన్ను రసీదులు, ప్లాన్ అనుమతి, తాకట్టు ఉంటే బ్యాంకు లెటర్, వారసులుంటే వాళ్ల అంగీకారం, అన్నీ ఒక్కచోటికి చేరుస్తారు. "జిరాక్స్‌లు చాలు సార్, ఒరిజినల్స్ రిజిస్ట్రేషన్ రోజు చూద్దాం" అనే ఏజెంట్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒరిజినల్స్ ముందే చూడాలి, అవి బ్యాంకులో ఉంటే ఉన్నాయని బ్యాంకే చెప్పాలి. లాయర్‌ని కూడా నేనే పెడతానంటే సున్నితంగా వద్దనండి. ఆయనకి రేపు కేసులు పంపించాల్సింది మీరు కాదు, ఏజెంట్.

లోన్ కూడా ఇప్పిస్తానంటున్నారు, ఒప్పుకోవచ్చా?

పరిచయం చేయనివ్వండి, ఫైలు త్వరగా కదులుతుంది. వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీరే ఇంకో రెండు చోట్ల అడిగి పోల్చుకోండి. లోన్ ఇప్పించినందుకు ఏజెంట్‌కి ఏమైనా వస్తుందా అని నేరుగా అడగడంలో తప్పు లేదు.

బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ కొంటే ఏజెంట్ అక్కర్లేదు కదా?

అక్కడ ఎదురుగా కూర్చునేది బిల్డర్ సేల్స్ టీమ్, రోజంతా ఇదే పనిగా ఉన్నవాళ్లు. మీ వైపు ఎవరూ లేకపోవడం ఇక్కడే ఎక్కువ ఇబ్బంది. కాకపోతే కొత్త ప్రాజెక్టుల్లో ఏజెంట్‌కి కమీషన్ బిల్డరే ఇస్తుంటారు, ఎక్కువ ఇచ్చే ప్రాజెక్టు వైపు ఏజెంట్ మనసు మొగ్గడం సహజం. మూడు ప్రాజెక్టులు అడిగితే ఒక్కదాని చుట్టూనే తిప్పుతుంటే అర్థం చేసుకోండి.

భారతదేశంలో కొంటుంటే 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం మీకు అండ. రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మిపెట్టాలంటే ఏజెంట్ కూడా నమోదై ఉండాలి, తను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఆ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి. నమోదు కావాల్సి ఉండీ కాని ప్రాజెక్టుని అసలు అమ్మనే కూడదు. నంబరు అడిగి మీ రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి, ఐదు నిమిషాల పని. అలాగే అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ఫ్లాట్ ధరలో 10 శాతం మించి బిల్డర్ తీసుకోకూడదు. "ఇవాళ 30 శాతం కడితే ప్రీలాంచ్ ఆఫర్" అని ఏజెంట్ తొందరపెడుతుంటే లేచి వచ్చేయండి, కాఫీ కూడా తాగక్కర్లేదు. పాత ఇల్లు ఒకరి నుంచి ఒకరు కొనుక్కునే బేరాలకి సాధారణంగా ఈ రక్షణ వర్తించదు, అక్కడ మీ జాగ్రత్తే మీకు దిక్కు.

మంచి ఏజెంట్‌ని ఎలా పోల్చుకోవాలి?

ఒక ఇల్లు చూపించి, "దీన్ని మీరైతే ఎందుకు కొనరు?" అని అడగండి. లోపం చెప్పలేనివాళ్లు అమ్మడానికి వచ్చినట్టే లెక్క. ఈమధ్య వాళ్ల ద్వారా కొన్న ఇద్దరితో మాట్లాడించమనండి, మాట్లాడినప్పుడు ఏజెంట్ మంచివాడేనా అని కాకుండా, అగ్రిమెంట్ అయ్యాక ఫోన్ ఎత్తారా అని అడగండి. మీ బడ్జెట్ చెప్పాక కూడా దానికి మించినవే చూపిస్తుంటే, "వేరే పార్టీ ఇవాళ సాయంత్రమే అడ్వాన్స్ ఇస్తోంది" అని ప్రతి ఇంటికీ చెబుతుంటే, ఇంకొకరిని వెతుక్కోండి. ఏరియా గురించి ఒక మాట: ఊరంతా నాదే అనేవాళ్లకంటే నాలుగు వీధుల్లోనే తిరిగి ఆ నాలుగింటిలో ఏ ఇంట్లో నీళ్లకి ఇబ్బందో చెప్పగలిగేవాళ్లే పనికొస్తారు.

బంధువే ఏజెంట్ అయితే?

ఫీజు, షరతులు బయటివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడుకోగలిగితే సరే. "మనలో మనకి ఎందుకు బాబాయ్" అన్న దగ్గర మొదలైన బేరాలు పెళ్లిళ్లకి పిలుపులు మానేసుకునే దాకా వెళ్తాయి. పని నచ్చకపోతే మానిపించగలరా? అది ముందు ఆలోచించుకోండి.

ఒకేసారి ముగ్గురు నలుగురు ఏజెంట్లతో తిరగొచ్చా?

ఒక్కరితోనే పనిచేస్తానని సంతకం పెట్టకపోతే తిరగొచ్చు. అయితే ఒకే ఇల్లు ఇద్దరు చూపిస్తే కమీషన్ నాదంటే నాదని గొడవ వస్తుంది. ఎవరు ఏ ఇల్లు ఏ తేదీన మొదట చూపించారో మెసేజ్ పెట్టించుకోండి.

టోకెన్ అడ్వాన్స్ ఏజెంట్ చేతికి ఇవ్వొచ్చా?

వద్దు. యజమాని పేరు మీద, బ్యాంకు ద్వారా, రసీదుతో. కొన్ని దేశాల్లో ఇలాంటి డబ్బు ఉంచడానికి చట్టబద్ధమైన ప్రత్యేక ఖాతాలుంటాయి, అక్కడ పరవాలేదు.

ఏజెంట్ లేకుండా కొనడమే మంచిదయ్యే సందర్భాలున్నాయా?

ఉన్నాయి. మీరు అద్దెకున్న ఇంటినే యజమాని అమ్ముతుంటే, ఆ ఇంటి బాగోగులు ఏజెంట్ కంటే మీకే బాగా తెలుసు. తెలిసిన కుటుంబం నుంచి, ధర ముందే కుదిరిన ఇల్లయినా అంతే. అప్పుడు ఆ కమీషన్ డబ్బులో కొంత మంచి లాయర్ మీద, ఇంకొంత ఇంజినీర్ మీద పెట్టండి. టైమ్ ఉండి, అదే ఏరియాలో ఏళ్లుగా ఉండి, మొహమాటం లేకుండా మాట్లాడగలిగినవాళ్లు సొంతంగా కొనుక్కోవచ్చు. దూరంగా, వేరే దేశంలో ఉండి కొనేవాళ్లకి మాత్రం నమ్మకమైన ఏజెంట్ తప్పనిసరనే అంటాను. వీడియో కాల్‌లో ఇల్లు చూపించేటప్పుడు ఎడిట్ చేసిన వీడియో కాకుండా లైవ్‌లో, గేటు బయట రోడ్డు నుంచి మొదలుపెట్టి చూపించమనండి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (మీ బదులు సంతకాలు పెట్టే అధికారం ఇచ్చే పత్రం) మాత్రం ఏజెంట్ పేరు మీద రాయకండి, ఎంత నమ్మకమున్నా.

రిజిస్ట్రేషన్ అయిపోయాక ఏజెంట్‌తో ఇంకేమైనా పని ఉంటుందా?

కొంచెం ఉంటుంది, ఆ కొంచెమే చాలామంది ఎగ్గొడతారు. ఇల్లు ఖాళీ చేసిన రోజు మీతో వచ్చి, చెప్పిన సామానంతా ఉందో లేదో చూడాలి. కరెంటు, నీళ్ల మీటర్ల రీడింగ్ ఫొటో తీసి అప్పటిదాకా బిల్లు అమ్మినవాళ్ల చేత కట్టించాలి. అసోసియేషన్ నుంచి బకాయి లేదన్న లెటర్, పన్ను రికార్డుల్లో, కనెక్షన్లలో పేరు మార్పు, వీటికి అమ్మినవాళ్ల సంతకాలు కావాల్సి రావచ్చు, డబ్బు చేతిలో పడ్డాక వాళ్లు ఫోన్ ఎత్తడం తగ్గిస్తారు. అందుకే కమీషన్‌లో చిన్న భాగం ఈ పనులయ్యాకే ఇస్తానని మొదటి రోజు కాగితంలోనే రాసుకోండి. అప్పుడు ఏజెంటే మీకు ఫోన్ చేసి గుర్తుచేస్తారు.